గుండ్రటి చేతిరాత

నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని ఎవరైనా మెచ్చుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఆ రాతతోనే నేను ఒక పిల్లను చదువు మానుకునే దాకా తెచ్చాను.

నంద్యాలలో ఎం.ఏ. ఎకనామిక్స్ రెండో సంవత్సరం చదివేటప్పటి సంగతి. మా డిపార్ట్‌మెంట్‌లో విరిగిన బెంచీలు పడేసే గదిని ఊడ్చి, తలుపుకు 'అకడమిక్ సపోర్ట్ సెంటర్' అని బోర్డు తగిలించారు. మధ్యాహ్నం భోజనాల వేళ సీనియర్లు కూర్చుని జూనియర్లకు రానిది చెప్పాలి. అందరికంటే ముందు నేనే పేరిచ్చాను. చెప్పడమంటే నాకు సరదా.

రోజూ వచ్చేది ఒక్క అమ్మాయే. ఆమెదీ నాదీ ఒకే ఊరు, ఆళ్లగడ్డ. తెలుగు మీడియంలో బీఏ చేసింది, పదో తరగతి తర్వాత లెక్కల మొహం చూడలేదు. స్టాటిస్టిక్స్ పేపరు అప్పటికే ఒకసారి తప్పింది. వాళ్ల నాయన బేతంచెర్లలో బండల పాలిష్ పనికి పోతాడు. సప్లిమెంటరీలో కూడా తప్పితే చదువు చాలించి తనతో పనికి రమ్మన్నాడట.

స్టాండర్డ్ డీవియేషన్ నేను మూడు రోజులు ఫార్ములాతోనే చెప్పాను. నాలుగో రోజు ఆమే నాకు చెప్పింది.

"మిషన్లో కోసిన బండలన్నీ ఒకే మందం రావక్కా. సరాసరి బాగున్నా, ఒకటి లావు ఒకటి పల్చన వస్తే మా నాయన వద్దంటాడు. ఇది ఆ తేడా లెక్కే గదా?"

అంత సూటిగా నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

అంతలో కాలేజీ తనిఖీకి కమిటీ వస్తోందన్నారు. ఇన్‌చార్జి సార్ నన్ను పిలిచి, సెంటరుకు వచ్చేవాళ్ల రిజిస్టరు రాయమన్నాడు. నీ రాత గుండ్రంగా ఉంటుంది కదా అన్నాడు. నేను పొంగిపోయాను. పైన 'స్లో లెర్నర్స్' అని పెట్టమంటే పెట్టాను, కింద స్కేలుతో రెండు గీతలు కూడా కొట్టాను. ఇది పైవాళ్లు వాడే మాట, ఊరికే ఫార్మాలిటీ అని నచ్చజెప్పి ఆ పిల్ల చేత సంతకం పెట్టించింది కూడా నేనే.

మర్నాడు ఆ పేజీ జిరాక్స్ నోటీసు బోర్డులో ఉంది, అద్దం వెనక, తాళం వేసి. మొదటి పేరు ఆమెదే. సాయంత్రానికల్లా క్లాసులో ఆమె పేరు పోయి 'స్లో' మిగిలింది. తీసేయమని సార్‌ను అడిగితే, కమిటీకి ఆధారాలు కావాలన్నాడు. కమిటీ ఆ గదిలో నిలబడింది రెండు నిమిషాలు. వాళ్లు వెళ్లిపోయినా కాగితం అక్కడే ఉంది.

ఆ పిల్ల మాత్రం సెంటరుకు రావడం మానేసింది. వారం తర్వాత ఆళ్లగడ్డ బస్సులో దొరికితే, ఎందుకు రావడం లేదని అడిగాను. అంత తెలివితక్కువ ప్రశ్న నేను జీవితంలో అడగలేదు.

"ఆడ కూచుంటే వస్తాదంటివి, కూచున్నా. ఆడ కూచున్నోళ్లను ఏమంటారో నీకు తెలుసు గదక్కా. తెలిసే రాస్తివి."

ఆ వారమంతా సార్‌ను తిట్టుకుంటూ తిరిగాను. ఆ మాట విన్నాక సార్‌ను తిట్టడం మానేశాను.

మర్నాడు పొద్దున బస్సులో, అడక్కుండానే ఆమె పక్కన కూర్చుని పుస్తకం తెరిచి చెప్పడం మొదలుపెట్టాను. రెండు రోజులు కిటికీ వైపే చూసింది. మూడో రోజు శిరివెళ్ల దాటాక పెన్ను అడిగింది. పరీక్ష దాకా మా క్లాసు ఆ బస్సులోనే.

పాసైంది. మంచి మార్కులతోనే. ఆ రోజే సార్ కబురుపెట్టి రిజిస్టరు నా ముందుకు తోశాడు. ఆమె పేరు పక్కన 'సెంటర్ వల్ల మెరుగుపడింది' అని రాసి, మళ్లీ సంతకం పెట్టించమన్నాడు.

"నేను రాయను సార్. ఆ పిల్ల మీ గదిలో నేర్చుకోలేదు, బస్సులో నేర్చుకునింది."

వలంటీర్ సర్టిఫికెట్ ఇవ్వనన్నాడు. ఇవ్వొద్దన్నాను. ఇంకెవరి చేతనో రాయించుకునే ఉంటాడు.

నోటీసు బోర్డు తాళంచెవి మాత్రం ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదు. నేను చదువు ముగించి వచ్చేసిన రోజున కూడా ఆ కాగితం అక్కడే ఉంది. అంచులు పసుపు పట్టాయి. ఆమె పేరు మాత్రం మెట్ల దగ్గరి నుంచే చదవొచ్చు. అంత గుండ్రంగా రాశాను.