నాయన "ఏమో" అన్న ప్రశ్నలు

నంద్యాలలో బీఎడ్ చదివేటప్పుడు, మనిషికి తన మనసు ఎంత తెలుసో కొలిచే ప్రశ్నలిచ్చి ఇంట్లో ఎవరినైనా అడగమన్నారు. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే మా నాయనను అడిగినా.

"సంతోషమైతే నీకు తెలుస్తాందా నాయనా?"

"ఏమో పాపా."

"దాన్ని మాటల్లో చెప్పగలవా?"

"పనుంది, పో."

మార్కులు వేస్తే, నాయనకు తన మనసు తనకే తెలీదని తేలింది. నాకు ఒళ్లు మండింది.

విగ్రహానికి కళ్లు అన్నిటికన్నా చివరన చెక్కి తెరుస్తారు. ఆ పని నాయన ఎవరికీ ఇచ్చేవాడు కాదు, నాతో పాటు ఆయన దగ్గరే ఉలి పట్టిన అన్నలకు కూడా. ఆ వారమే అమ్మవారి విగ్రహం ముందు నుంచి లేచి, ఉలి నా చేతిలో పెట్టి, "నువ్వు తెరువు" అన్నాడు. తెరిచినా.

అన్నలు నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఉలి ఇచ్చి నాయన చెప్పింది వాళ్లకు బాగానే అర్థమైంది.