స్ప్రింక్లర్ గుంతలో పాము ఉందని నాకు చెప్పలేదు

గుంతలో పాము ఉందని తెలిసి కూడా నాతో అందులో చెయ్యి పెట్టించారు.

నేను ప్లంబర్‌ని. కర్నూలులో ఒక ఇంటాయన ఈ రోజు నన్ను పిలిచాడు. లాన్‌కు నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు ఎండాకాలం మొదట్లోనే ఆపేశారట. అయినా వాల్వు గుంతలో నీళ్లు నిలుస్తున్నాయి, ఎక్కడ లీకో చూడమన్నాడు. నీళ్లు నల్లగా ఉన్నాయి, అడుగు కనిపించలేదు. మోచేతి దాకా చెయ్యి పెట్టి తడిమాను. చల్లగా ఏదో మణికట్టు మీదుగా జారింది. పైపు ముక్క అనుకున్నాను. అది పడగ ఎత్తింది.

రెండో చేతిలోని రెంచి గుంతలో జారవిడిచి వెనక్కి పడ్డాను. అరుగు మీద కూర్చున్న ఇంటాయన వాళ్లమ్మ కదల్లేదు.

"అదేం చేయదులే నాయనా. ఎండకు తాళలేక ఈడ చేరిండాది. నీళ్లు ఎండినప్పుడల్లా నేనే బిందెడు పోస్తాండా."

"ముందే చెప్పకూడదా అవ్వా?"

"చెప్తే కొట్టి సంపుతావని చెప్పల్యా."

లీకు దొరికింది: అవ్వ బిందె. ఇందాక ఇంట్లో బకెట్లో చెయ్యి ముంచడానికి కూడా భయమేసింది. మీరైతే ఆ అవ్వకు ఏం చెప్పేవాళ్లో రాయండి.

ఇంటాయనా, నా రెంచి ఆ గుంతలోనే ఉంది. రేపు సాయంత్రంలోగా పాములు పట్టేవాణ్ని పిలిపించి, రెంచి తీయించి ఫోను చెయ్యి. అదేం చేయదని నీకూ నమ్మకముంటే, నీ చేత్తోనే తీసివ్వు.