కాంటా ఎక్కిన పెళ్లికొడుకు

ఇప్పుడంటే ఇంటింటికీ బరువు చూసే మిషన్ వచ్చింది గానీ, ఆ రోజుల్లో మనిషి తన బరువు తెలుసుకోవాలంటే రైల్వే స్టేషనుకో దవాఖానాకో పోవాల్సిందే. నాకు మాత్రం ఆ ఇబ్బంది లేదు. నాచారంలో నేను గుమాస్తాగా పనిచేసిన బిస్కెట్ల ఫ్యాక్టరీలో అట్టపెట్టెలు తూచే పెద్ద కాంటా ఉండేది. పెళ్లి కుదిరినప్పటి నుంచి రోజూ పొద్దున్నే పెట్టెల కంటే ముందు నేనే దాన్ని ఎక్కేవాణ్ని. ఎనభై రెండు కిలోలు! (అందులో సగం మా ఫ్యాక్టరీ బిస్కెట్లే.) ఉప్పల్ చౌరస్తాలో కాయిన్ బాక్స్ నుంచి కాబోయే భార్యకు ఫోన్ చేసి, "పెండ్లినాటికి పది కిలోలు తగ్గుత, సూస్తుండు" అని గొప్పగా మాటిచ్చేశాను.

మాటిచ్చి అన్నం మానేశాను. నాలుగో రోజు కాంటా మీదే కళ్లు తిరిగి పడ్డాను. లోడింగ్ మేస్త్రీ (అందరం మామ అనేవాళ్లం) నన్ను లేపి, తన టిఫిన్ డబ్బా విప్పి ముందు పెట్టాడు. "గిట్ల ఉపాసముంటే కొవ్వుతోని కండ గూడ బోతది అల్లుడా. జర తిను" అన్నాడు. నేను తింటుండగా తనే కాంటా ఎక్కాడు. ముల్లు సరిగ్గా ఎనభై రెండు దగ్గర ఆగింది! కాకపోతే నా బరువు పొట్టలో ఉంది, ఆయనది భుజాల్లో. "సూసినవా? ఇద్దరం గంతే ఉన్నం. కిలోలు ఇడిసిపెట్టి నడుము సూస్కో" అన్నాడు. ఆ రోజు నుంచి అన్నం కొంచెం తగ్గించి పప్పు, గుడ్లు, కూరలు పెంచమన్నాడు. డ్యూటీ దిగాక నాచేత లారీకి పెట్టెలు మోయించాడు. మొదటి వారం చొక్కా తొడుక్కోవడానికి కూడా చేతులు లేవలేదు.

మూడు నెలల్లో బెల్టుకు రెండు కొత్త రంధ్రాలు పడ్డాయి, హబ్సిగూడ దాకా నడిచినా ఆయాసం లేదు. అయినా పెళ్లికి ముందు కాంటా ఎక్కితే తగ్గింది మూడంటే మూడు కిలోలు! మామ నా బెల్టు చూసి మురిసిపోయాడు గానీ, నాకు మాత్రం పరువు పోయిందనిపించింది.

పెళ్లయిన మర్నాడు అత్తగారింటి అరుగు మీద నా భార్యతో భయంభయంగా ఒప్పుకున్నాను. "పది అన్న గని, మూడే తగ్గిన."

ఆమె ఎగాదిగా చూసింది. "మంచిగనే ఉన్నరు. గని మూడు నెలల సంది ఫోన్ల మీ కిలోల ముచ్చటే జెప్పిన్రు. నువ్వెట్లున్నవని ఒక్కపారన్న అడిగిన్రా?"

అడగలేదు. సిగ్గుతో తల వంచుకుని అప్పుడు అడిగాను. ఆమె చెప్పడం మొదలుపెట్టింది, నేను వింటూనే ఉన్నాను. అవతల ఒక అమ్మాయి ఫోను చెవికి ఆనించుకుని ఎదురుచూస్తుంటే, ఇవతల తన పొట్ట గురించే చెప్పుకుపోయిన ఆ కుర్రాణ్ని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ మూడు నెలలు తిరిగొస్తే బాగుండుననీ అనిపిస్తుంది.