మొహంలో రెండో సగం

నేను గీసిన మొట్టమొదటి పెళ్లికొడుకుకి రెండు పుట్టుమచ్చలు వచ్చాయి. అసలు మనిషికి ఉన్నది ఒక్కటే, కుడి చెంప మీద. ఆయన కుడి పక్కకి తీసుకున్న పాపిడి నా బొమ్మలో రెండు పక్కలా వచ్చి, మధ్యలో జుట్టు కోడిపుంజు తురాయిలా లేచి నిలబడింది. ఆ మొహం పట్టుచీర కొంగు మీద నేత కూడా అయిపోయింది. పెళ్లివాళ్లు చీర విప్పి చూశారు, మళ్లీ మడిచారు, మా డిజైన్ల షాపు నడిపే అన్న చేతుల్లో పెట్టి వెళ్లిపోయారు.

తప్పు నాదే. కానీ సగం తప్పు మా ఊరిది కూడా. ధర్మవరంలో చీరల డిజైన్లు గీసేవాళ్లం ఎవరమూ దేన్నీ పూర్తిగా గీయం. కలశమైతే సగం, తామరపువ్వైతే సగం, గోపురమైతే సగం. మా నాయన మగ్గం నేసే రోజుల్లో గ్రాఫు కాగితం మీద సగం గీస్తే మిగతా సగాన్ని మగ్గమే తిప్పుకొనేదట. ఇప్పుడు కంప్యూటర్లో మిర్రర్ కొడితే చాలు. రెండో సగం కూడా కూర్చొని గీసేవాళ్లుంటే వాళ్లకి వేరే పని లేదనుకుంటాం. దేవుడు కూడా మనుషుల్ని ఇదే పద్ధతిలో చేసి ఉంటాడని నాకు గట్టి నమ్మకం ఉండేది. ఆయనకి మాత్రం అంత తీరిక ఎక్కడిది?

"ఏమ్మా, నేను పెండ్లికొడుకుని గీయమంటే గుడి వాకిట్లో ద్వారపాలకుని గీసినావే!" అన్నాడు షాపు అన్న. కొంగు మీద పెళ్లికూతురివీ పెళ్లికొడుకువీ మొహాలు నేయించుకోవడం అప్పుడే మోజుగా మారుతోంది. "మాఘమాసం పెండ్లిండ్లకి మళ్లీ ఆర్డర్లు వస్తాయి. అప్పటికి నీకు మనిషి మొహం వస్తే సరి, లేదంటే మొహాలన్నీ బెంగళూరులో గీసే ఆయప్పకి పంపిస్తా. నువ్వు చెంబులే గీసుకుందువు."

చెంబులంటే కలశాలు. తొమ్మిదేళ్లుగా అవే గీస్తున్నాను. ఇక మీదట కూడా అవే అనేసరికి నాకు తిక్క పుట్టుకొచ్చింది. ఆ బెంగళూరు ఆయప్పని నేను చూసిందీ లేదు, ఆయన నాకు చేసిన చెడ్డా లేదు, అయినా ఆయన మీద పళ్లు నూరుకుంటూ ఇంటికి వచ్చాను. మాఘమాసానికి ఇంకా నాలుగు నెలలుంది.

అనంతపురంలో రిటైరైన డ్రాయింగ్ సార్ ఒకాయన ఉన్నారని నాయన కనుక్కొని వచ్చాడు. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వెళ్లాను. సార్ వాళ్ల వెనక వరండాలో, ఎత్తు స్టూలు మీద, మెడ దాకా ఉన్న తెల్లటి తలకాయ ఒకటి పెట్టి ఉంది. ఎప్పుడో గ్రీకు దేశంలో ఎవరో రాతిలో చెక్కిన కుర్రవాడి బొమ్మకి తీసిన ప్లాస్టర్ అచ్చు. ఉంగరాల జుట్టు, పొడుగు ముక్కు. కళ్లున్నాయి గానీ వాటిలో పాపలు లేవు. సార్ అతన్ని దొర అనేవారు. సార్ కూడా చిన్నప్పుడు ఆ తలకాయని చూసే నేర్చుకున్నారట. వాళ్ల గురువు పోయేముందు దాన్ని ఈయనకి ఇచ్చి పోయారు.

"దీనికి నీళ్లు తగలకూడదమ్మా. తగిలితే మెత్తగయిపోతాడు. మన కరువు జిల్లాకి సరిపోయిన మనిషి. నీళ్లు అడగడు," అన్నారు సార్.

గంటన్నర గీశాను. ఉంగరాలు లెక్కపెట్టి మరీ గీశాను. అయ్యాక పెన్సిలు సంచిలో వేసుకొని లేచాను.

సార్ కాగితం చూశారు. వెనక్కి తిప్పి చూశారు. "మిగిలిన సగం యాడమ్మా?"

"అది దీని మాదిరే సార్."

"ఎవరు చెప్పినారు?"

"ఎవరూ చెప్పలేదు సార్. మేము తిప్పుకుంటాము."

సార్ కాసేపు నన్ను చూశారు, కాసేపు దొరని చూశారు. తర్వాత ఒక దారానికి ఇనుప నట్టు కట్టి, దొర నుదుటి మధ్య నుంచి గడ్డం దాకా వేలాడేసి, "యా అల్లా, చూడమ్మా, రెండు పక్కలూ ఒకటేనా?" అన్నారు. నేను బాగా చూశాను. ఒకటే సార్ అన్నాను. పొగరుతో అన్న మాట కాదు, నిజంగానే నాకు అట్లా కనపడింది.

ఆ రోజు నుంచి నాకూ దొరకీ యుద్ధం. చెయ్యి చాపి, ఒక కన్ను మూసి, పెన్సిలు మీద బొటనవేలు జరుపుతూ కొలతలు తీయడం సార్ నేర్పారు. దాంతో నాకు అదే పిచ్చి పట్టుకుంది. అన్నం తింటున్న నాయనని కొలిచాను, వాకిట్లోకి వచ్చిన మేకని కొలిచాను. ఒకసారి బస్సులో కండక్టరుని కొలిచాను. ఆయన దగ్గరికి వచ్చి, "ఏమక్కా, కన్ను కొడతాండావా, ఏలు చూపిస్తాండావా? ఏదో ఒకటి చెప్పు," అని అడిగాడు. బస్సంతా నవ్వింది. మిగిలిన దారంతా నేను కిటికీలో నుంచి బయటికే చూశాను.

పైగా మా దగ్గర వెలుతురు బొమ్మలు గీయడానికి పనికొచ్చేది కాదు. ఎండ నాలుగు పక్కల నుంచీ వచ్చి పడితే దొర మొహం మీద నీడ అనేదే ఉండదు. అందుకని సార్ దొరని లోపలి గదిలో పెట్టి, మిగతా కిటికీలన్నీ మూసేసి, ఒక్క కిటికీ ఉంచి, దానికి సగం దాకా చెనక్కాయల గోనెసంచి కట్టారు. గోనెసంచికి చిల్లు ఉంది. అందులో నుంచి ఒక వెలుగు చుక్క దొర చెంప మీద పడి, గంట గంటకీ ముక్కు వైపు నడిచేది. నేను దాన్ని కూడా వదలకుండా గీశాను. గాలి రోజుల్లో ఎర్రమట్టి దుమ్ము వచ్చి నుదుటి మీదా ముక్కు మీదా కూర్చునేది. తెల్లగా ఉండాల్సిన చోట నల్లగా, నల్లగా ఉండాల్సిన చోట తెల్లగా. నేను ఉన్నది ఉన్నట్టు గీస్తే దొర బొగ్గుల బట్టీలో పనిచేసి వచ్చిన మనిషిలా తయారయ్యాడు.

ఎన్ని వారాలు తిరిగినా రెండు సగాలూ నాకు ఒకటిగానే కనపడేవి. మాఘమాసం దగ్గరపడుతోంది, నాకు భయం పట్టుకుంది. చివరికి ఒక పాడు పని చేశాను. ఒక పక్క గీసి, కాగితాన్ని సగానికి మడిచి, వెనక నుంచి రుద్ది, రెండో పక్క అచ్చు దించాను. దాని మీద మళ్లీ పెన్సిలుతో దిద్ది సార్ చేతికిచ్చాను.

సార్ కాగితాన్ని వెలుతురుకి ఎత్తి చూశారు. "ఈ మడత యాడనుంచి వచ్చింది?"

"బస్సులో మడత పడింది సార్."

"బస్సు సరిగ్గా ముక్కు మీదనే మడిచిందా?"

సార్ కోప్పడలేదు, అదే ఇంకా కష్టంగా అనిపించింది. కాగితం పక్కన పెట్టి, "కనపడినప్పుడు గీయమ్మా. అందాకా చూస్తా కూర్చో," అన్నారు. ఆ వారమే సార్ పది రోజులకని కళ్యాణదుర్గంలో కూతురింటికి వెళ్తున్నారు. వెళ్తూ దొరని తువ్వాలలో చుట్టి నా ఒళ్లో పెట్టారు. "ఇంటికి తీసుకుపో. పదిరోజులు చూడు. జాగ్రత్త, ఇంకొకటి యాడ దొరుకుతాదో నాకు తెలీదు."

బస్సులో నా పక్క సీటు అవ్వ తువ్వాల కొంచెం ఎత్తి చూసి, అంతే మెల్లగా మళ్లీ కప్పేసింది. ధర్మవరం దాకా నాతో మాట్లాడలేదు. దిగేటప్పుడు మాత్రం, "మంచి వయసు," అని నిట్టూర్చి పోయింది.

ఇంట్లో దొరని మగ్గం గదిలో పెట్టాను. నాయనకి అతను మొదటి రోజు నుంచే నచ్చలేదు. కారణం కళ్లు. విగ్రహం చెక్కేవాళ్లు చివరికి కళ్లు తెరిపిస్తేనే పని ముగిసినట్టు, పాపలు లేని మొహాన్ని ఇంట్లో పెట్టుకోకూడదు, ఇదీ నాయన లెక్క. "ఎవరో సగంలో ఇడిచిపెట్టి పోయినారు పాపా. అన్నం తింటా ఉంటే అట్లే చూస్తాండాడు, చూడకుండానే," అని గొణిగేవాడు. గ్రీకు బొమ్మలు అట్లాగే ఉంటాయి నాయనా అని చెప్పాను. విన్నట్టే తల ఊపాడు.

మూడో రోజు సాయంత్రం నేను షాపు నుంచి వచ్చేసరికి దొర నన్ను చూస్తున్నాడు.

నల్ల స్కెచ్ పెన్నుతో, రెండు కళ్లలో, రెండు చక్కటి చుక్కలు. తడి గుడ్డ తేబోయి ఆగిపోయాను, నీళ్లు తగలకూడదు కదా. రబ్బరుతో రుద్దితే చుక్క పోలేదు, రబ్బరు నల్లబడింది. నాకు ఏడుపు వచ్చేసింది. సార్ వాళ్ల గురువు ఇచ్చిపోయిన తలకాయ! నాయన మీద ఎగిరి పడ్డాను. "పెడితే పెట్టినావు, సరిగ్గా అన్నా పెట్టినావా? ఒకటి పైకి పెట్టినావు, ఒకటి కిందికి పెట్టినావు! ఒక కన్ను వంటింటి పక్క చూస్తాండాది, ఒక కన్ను మగ్గం పక్క చూస్తాండాది!"

కళ్లు పెట్టినందుకు తిడితే నాయన ఊరుకునేవాడే. సరిగ్గా పెట్టలేదనడంతో ఆయనకి రోషం పొడుచుకొచ్చింది. ముప్పై ఏళ్లకి పైగా పట్టుపోగులు లెక్కపెట్టిన మనిషి. "నేను తప్పు పెట్టినానా? దారం తే," అన్నాడు.

తెచ్చాను. నాయన పట్టుపోగు తీసుకొని కుడి కంట్లో చుక్క నుంచి పైరెప్పకి కొలిచాడు, కిందిరెప్పకి కొలిచాడు, రెండు కొనలకీ కొలిచాడు. ఎడమ కంట్లో కూడా అంతే. రెండు చుక్కలూ వాటి వాటి కళ్లకి నట్టనడుమనే ఉన్నాయి. ఆ తర్వాత పోగుని అడ్డంగా సాగదీసి నుదుటి కింద పట్టుకున్నాడు.

"నా చుక్కలు సరిగ్గానే ఉండాయి. మీ దొరే వంకర," అన్నాడు.

ఎడమ కన్ను కిందికి ఉంది. ఇన్ని వారాలుగా నా ఎదురుగానే కిందికి ఉంది. అది చూశాక మిగతావన్నీ వరసగా బయటపడ్డాయి. ముక్కు కొద్దిగా కుడికి వాలింది. ఒక దవడ బరువుగా ఉంది. పెదవి ఒక కొన దగ్గర లోపలికి పోయింది, ఏదో అనబోయి ఆపుకున్నట్టు. ఇంత వంకర మొహం పెట్టుకొని ఇన్ని వందల ఏళ్లు అందగాడుగా చలామణీ అయ్యాడు! నాకు సిగ్గేసింది, అంతకు మించి సంతోషమేసింది. కాగితం తీసుకొని ముందు ఎడమ కన్ను గీశాను, తర్వాత కుడి కన్ను వేరేగా గీశాను. నాయన నా వెనకే నిలబడి, ఇంకా రోషం తగ్గక, "చుక్కలు కూడా పెట్టు," అన్నాడు.

సార్ కళ్యాణదుర్గం నుంచి వచ్చాక, తువ్వాల మూట ఆయన ముందు పెట్టి దూరంగా నిలబడ్డాను. విప్పి చూశారు. కుర్చీ దగ్గరికి లాక్కొని కూర్చున్నారు.

"ఎవరు పెట్టినారు?"

"మా నాయన సార్."

"ఏమి కొలతమ్మా అది," అన్నారు సార్. చుక్కని బ్లేడుతో గీరబోయి, మళ్లీ ఏమనుకున్నారో బ్లేడు పక్కన పెట్టేశారు. "ఇన్నేండ్లుగా నేను వీన్ని చూస్తాండా. వీడు నన్ను చూసేది ఇదే మొదులు." తర్వాత నా బొమ్మ తీసుకొని, దారం అడ్డం పెట్టి, నిలువు పెట్టి చూశారు. మడత కోసం వెలుతురుకి కూడా ఎత్తి చూశారు. "పో, ఇంక బతికిన మనుషుల్ని గీసుకో," అన్నారు.

మాఘమాసం ఆర్డరు వచ్చింది. పెళ్లికొడుకు ఫోటోలో కొంచెం నవ్వుతున్నాడు, ఆ నవ్వుకి నోరు ఎడమకి ఎక్కువ సాగింది. ఒక కనుబొమ మధ్యలో చిన్న గాటు. పన్నెండు రోజులు పట్టింది. ఎడమ వేరు, కుడి వేరు, గడి గడీ గీశాను. పెళ్లికొడుకు తల్లీ, కాబోయే కోడలూ డిజైన్ చూడటానికి షాపుకి వచ్చారు. తల్లి కంప్యూటర్ ముందు కూర్చుంది, పెళ్లికూతురు వెనక గోడకి ఆనుకొని ఫోన్ చూసుకుంటోంది.

"మావాని నోరు వంకర పెట్టినారే," అంది తల్లి.

"ఆమె కొత్తగా నేర్చుకునిందిలే అమ్మా," అని షాపు అన్న నా వైపు తిరిగాడు. "మిర్రర్ కొట్టమ్మా. నిమిషం పని."

ఫోటోలో అట్లాగే ఉందన్నా అన్నాను. ఫోటోలు ఎట్లైనా వస్తాయి, కొట్టు అన్నాడు. గొంతులో బెంగళూరు వినిపించింది. ఆ క్షణంలో నేను వీరవనితలా లేచి నిలబడ్డానని రాయాలని ఉంది గానీ, నిలబడలేదు. నాకు మొహాల పని కావాలి. నోరు మూసుకొని మిర్రర్ కొట్టాను. తెర మీద నోరు చక్కబడింది, కనుబొమ చక్కబడింది. చక్కటి మనిషి ఒకడు వచ్చి కూర్చున్నాడు. తల్లి మొహం విప్పారింది.

"రామ్మా, చూడు. ఎంత బాగుండాడో," అని కోడల్ని పిలిచింది.

పెళ్లికూతురు ఫోన్ లోనుంచి తల ఎత్తి, దగ్గరికి వచ్చి, చూసింది. "ఈయప్ప ఎవరు?" అంది. ఎకసెక్కం కాదు, నిజంగానే అడిగింది. నేను ముందటి బొమ్మ పక్కనే తెరిచి పెట్టాను. ఆమె దాన్ని చూసి, తనకి తెలియకుండానే ఎడమకి నవ్వింది.

"అత్తా, ఈ చక్కనాయప్ప నాకొద్దు. నేను చేసుకునేది ఇదో, ఈయప్పని."

షాపు అన్న ఒకసారి ఆమెని, ఒకసారి నన్ను చూసి, "సరే, నువ్వు గీసిందే నేతకి పంపు. ఇంక మొహాలు నువ్వే చూసుకో," అన్నాడు. తల్లి మాత్రం కుర్చీలో నుంచి కదల్లేదు. కళ్లద్దాలు సర్దుకొని, తెర దగ్గరికి వంగి, కొడుకు వంకర నవ్వుని చాలాసేపు చూసింది.

"ఇరవై ఆరేండ్లు ఈ నోటికే అన్నం పెట్టినా," అంది. "నాకెప్పుడూ కనపడలేదే."