కూలి సంగతి తర్వాత

పశువుల ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్త అమ్మాయి అనురాధ రిజిస్టరు తెరిచి, "మీ పేరేంటమ్మా?" అని అడిగితే గురమ్మ తన పేరు తానే తప్పు చెప్పుకుంది.

"గురి."

"గురి ఏంటి? నిండు పేరు చెప్పండి."

"అందరూ అట్లనే పిలుస్తారు తల్లీ. గురమ్మ అనే పెట్టినాడు మా నాయన."

అనురాధ గురమ్మ అనే రాసుకుంది. తర్లుపాడు చుట్టుపక్కల ఊళ్లలో గొర్రెలకు చిటుకు రోగం టీకాలు వేస్తున్న రోజులవి. మధ్యలో ఒక చూడి గొర్రె వచ్చింది. గురమ్మ దాని పొట్ట కింద చెయ్యి పెట్టి, "నాలుగో నెల. దీనికి కవలలు. గట్టిగా అదిమి పట్టద్దు" అంది. అనురాధ సూది పక్కన పెట్టి ఆ పెంటికల్లోనే గొంతుక్కూర్చుంది. "ఎట్లా తెలిసిందండీ మీకు? నాకూ చూపించండి" అంటూ గురమ్మ చెయ్యి ఉన్నచోట తన చెయ్యి పెట్టింది. పిల్లల కదలిక దొరికేదాకా లేవలేదు.

మీరు అన్నది. అండీ అన్నది. యాభై అయిదేళ్లలో ఆ మాటలు గురమ్మ చెవిన పడటం అదే మొదలు.

గురమ్మ మొగుడు పోయి ఇరవై రెండేళ్లయింది. అప్పుడు అత్తింటివాళ్లు మందను అమ్ముకొని రాతి పలకలు కోసే పనికి పొమ్మన్నారు. "ఆ దుమ్ము నాకొద్దు, నా గొర్రెల దుమ్ము చాలు" అని మొగుడి కర్ర తాను పట్టింది. ఆడది మంద వెంట పోవడమేమిటని ఊరు నవ్వింది. కరువు ఏడాది ఊళ్లో సగం మందలు సంతకు పోతే ఆమె మాత్రం మేత కోసం నల్లమల అంచుదాకా నడిచి, పోయినన్ని గొర్రెలనూ వెనక్కి తెచ్చింది. ఇప్పుడు ఎనభై ఉన్నాయి.

అయినా ఊరికి ఆమె గురే. ఊరి నడివీధిలో ఎవరికెవరు ఏమవుతారో మాటలు రాని బిడ్డకు కూడా నేర్పుతారు. మామ, పిన్ని, బావ, చిన్నాయన. ఆ వరసలన్నీ గొర్రెల దొడ్డి దగ్గరికొచ్చేసరికి ఆగిపోతాయి. గొర్రెలవాళ్లు రైతును అయ్యా అనాలి. రైతు వాళ్లను ఒరే అంటాడు, ఏమే అంటాడు. అలవాటులే అని సర్దిచెప్పేవాళ్లకు ఆ అలవాటు ఎప్పుడూ లాభమే తెచ్చింది కాబట్టి సర్దిచెప్పడం సులువు. మంద కాసే మనిషిలో గౌరవించాల్సింది ఏముందో తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. పెంటికల్లో ఒక పది నిమిషాలు కూర్చోవాలి, అంతే.

వారం తిరక్కుండానే ఊరి రైతు చెన్నకేశవులు మోటారు సైకిల్ మీద దొడ్డి దగ్గరికి వచ్చాడు. ఏటా వేసవిలో, కంది కోసేశాక, ఆయన ఆరెకరాల చేన్లో గురమ్మ ఇరవై రాత్రులు మంద పెడుతుంది. చేనుకు ఎరువు, ఆమెకు కూలి. కూలికన్నా ముఖ్యం, ఆ ఇరవై రోజులూ ఆయన బోరు కింది తొట్టిలో గొర్రెలు నీళ్లు తాగుతాయి.

"ఏమే గురీ, రేపట్నుంచి మంద తోలు. కూలి పోయినేడు లెక్కే."

తల్లిని ఎరగని గొర్రెపిల్లకు గురమ్మ ఇంకో గొర్రె పొదుగు అందిస్తోంది. తల ఎత్తలేదు.

"కూలి సంగతి తర్వాత అయ్యా. నన్ను ఏమని పిలుస్తావో ముందు చెప్పు."

"ఏంది?"

"పక్క చేనామెను వదినా అంటావు. ఎరువుల దుకాణమాయన మొన్న కంభం నుంచి వచ్చినాడు, ఆయన అప్పుడే నీకు బావ అయిపోయె. ఇరవై రెండేండ్లుగా నీ చేన్లో మంద పెడతాండా. నాకు వరస లేదా?"

చెన్నకేశవులు పకపకా నవ్వాడు. "అట్లనే కలెక్టరమ్మగారూ!"

"ఆ ఉద్యోగం నాకొద్దులే. వరస పెట్టి పిలువు, మంద వస్తాది. లేకుంటే రాదు."

నవ్వు ఆగిపోయింది. "గొర్రెలు నీకొక్కదానికే ఉండాయా?" అని కిక్కు కొట్టి దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ మాట అనేసిందే గానీ గురమ్మకు వేరే బోరు లేదు. మర్నాడు నీళ్ల కోసం మందను మూడు కోసుల అవతలి కుంటకు తోలాల్సి వచ్చింది. చూడి గొర్రెలు నాలుకలు బయటపెట్టి వెనకబడ్డాయి. కవలలున్నది రెండుసార్లు కూలబడింది. 'నోరు మూసుకుని ఉంటే ఏం పోయింది నాకు' అని తనను తానే తిట్టుకుంది. మళ్లీ గురీ అన్న పిలుపు తలుచుకుంటే కాళ్లు అటు పోబుద్ధి కాలేదు.

రెండో రోజు కుంట దగ్గర పక్క ఊరి మాల్యాద్రి తన మందతో ఎదురయ్యాడు. ఆమెను చూడగానే ఒకటే నవ్వు.

"మీ చెన్నకేశవులయ్య నిన్న మా కాడికి వచ్చినాడక్కా. 'ఒరే మాల్యాద్రీ, మంద తోల్రా' అన్నాడు. నీ సంగతి నాకు ముందే తెలిసె గదా. 'తోలతా గానీ నన్నేమని పిలుస్తావు' అంటి."

"ఓరి నీ! ఏమన్నాడు?"

"'ఇదేమన్నా అంటురోగమా ఏంది, దీనికి టీకా లేదా' అనుకుంటా పోయినాడు!"

మూడో రోజు పొద్దున్నే చెన్నకేశవులు మళ్లీ వచ్చాడు. వెనక సీటు మీద భార్య శ్యామలమ్మ. ఈసారి బండి దిగి, దొడ్డి ముందు బండ మీద కూర్చున్నాడు.

"సరే, వరస తేలుద్దాం. నువ్వు ఏ ఏడు పుట్టినావు?"

"మన తాలూకాను కర్నూలు నుంచి తీసి ఒంగోలు జిల్లాలో కలిపిన ఏడంట. మా నాయన చెప్పేటోడు."

"అప్పటికి నేను రెండో తరగతి. అంటే నేనే పెద్ద." చేతిలోని బండి తాళం రెండుసార్లు అటూ ఇటూ తిప్పాడు. "మంద తోలుకొని రా... చెల్లెమ్మా."

"అబ్బ, ఈ మాటకు మూడు దినాలు పెట్రోలు కాల్చినావా!" అంది శ్యామలమ్మ. "నాకు ఆడబిడ్డలు లేకపాయెనే అనుకుంటాంటి. వస్తా వస్తా ఇంటికి రా వదినా, మజ్జిగ తాగి పోదువు."

గురమ్మ ముఖం విచ్చుకుంది. "అట్లనే అయ్యా" అంది.

"అయ్యా ఏంది?" చెన్నకేశవులు దొరికిందిలే అన్నట్టు లేచి నిలబడ్డాడు. "నేను చెల్లెమ్మా అంటే నువ్వు అయ్యా అంటావా? అన్నా అను."

గురమ్మ నోరు తెరిచింది. "అ... అయ్య..."

మాటలు నేర్చిన నాడే ఆ పిలుపును ఆమె నాలుక మీద పెట్టారు. ఎదుటివాడి నోట్లో ఉన్న 'ఏమే'ను పట్టుకుంది గానీ, తన నోట్లో కాపురం చేస్తున్న 'అయ్యా'ను ఇన్నేళ్లూ చూసుకోనే లేదు.

"ఇప్పుడు తెలిసెనా నా పాట్లు!" అన్నాడు చెన్నకేశవులు. శ్యామలమ్మ పడీపడీ నవ్వింది. గురమ్మ కూడా నవ్వాపుకోలేక కర్ర పట్టుకుని కూలబడింది.

మర్నాడు మంద ఆయన చేనికి చేరింది. చెన్నకేశవులు తానే బోరు మోటారు వేసి తొట్టి పక్కన నిలబడ్డాడు. నీళ్ల వాసనకు ఎనభై గొర్రెలూ ఒక్కసారిగా ఎగబడ్డాయి. వెనకనుంచి పెద్ద పొట్టేలు తల వంచి, సూటిగా ఆయన మోకాళ్ల మీదికే వస్తోంది.

"అన్నా, పక్కకు జరుగు! పొడుస్తాది!"

చెన్నకేశవులు ఎగిరి పక్కకు దూకాడు. చెప్పొకటి తొట్టిలో పడింది.