మొరగని కుక్క

ద్వాలి నోటికి జడిసి పక్కింటి కోళ్ళు కూడా ఆమె వాకిట్లో గింజ ఏరుకునేవి కావు. మణుగూరు దాటాక తారురోడ్డు వదిలి అడవిబాట పడితే వస్తుంది వాళ్ళ తండా. మొగుడు పోయిన దగ్గర్నుంచీ మిరపకోతకూ తునికాకుకూ పోయి, ఒక్కగానొక్క కూతురు రూప్లిని సాకి పెళ్ళి చేసింది. ఆ రూప్లి రెండువేల ఆరు వానల్లో, రెండో కాన్పుకు పుట్టింటికొచ్చి, కడుపులో బిడ్డతో సహా పోయింది. ద్వాలి చేతుల్లోనే పోయింది. తల్లి పక్కన కూర్చుని అంతా చూసిన ఐదేళ్ళ గోరి ఆ రోజు నుంచి మాట మానేసింది.

అల్లుడు హాతీరాం ఏమన్నా తక్కువ తిన్నాడా! దసరా దాటీ దాటకముందే మారుపెళ్ళి కుదుర్చుకుని, పిల్లను ఆటోలో తెచ్చి అత్త గుమ్మంలో దించాడు.

"దవాఖానాల గూడ చూపిచ్చిన అత్తా. గొంతుల ఏం లేదంట. మాట్లాడుతలేదు, తింటలేదు. వచ్చేటామెకు గిట్లాంటి పిల్లను ఎట్ల అప్పజెప్పాలె?"

"తల్లి పాయె, ఇగ తండ్రి గూడ పాయె. పో, జల్దీ పోయి పెండ్లికొడుకువు గా" అంది ద్వాలి.

ఆటో వెంట రోడ్డు మీద నుంచి ఉరికొచ్చిన కుక్కపిల్ల ఒకటి, ఒళ్ళంతా గజ్జి, అదీ గుమ్మం ఎక్కబోయింది. అసలే గోరుచుట్టు, దాని మీద రోకటిపోటు! ద్వాలి చీపురు తిరగేసింది. గోరి దాని మెడ కావలించుకుని దెబ్బకు తన వీపు అడ్డం పెట్టింది. ఇంకేం కొడుతుంది? చీపురు మూలకు విసిరి, ఇద్దరికీ కలిపి జొన్నగటక పెట్టింది.

ఆ ముద్దే గోరి మొదటిసారి మింగింది. కుక్కకొక ముద్ద, తనకొక ముద్ద. కుక్క లేకపోతే పళ్ళెం ముట్టదు. గజ్జికి వేపనూనె రాస్తూ ద్వాలి దాన్ని బండబూతులు తిట్టేది, తిడుతూనే గంజిలో రెండో గరిటె వేసేది. ఒక పొద్దున కట్టెలు తెచ్చి తడక వెనక దించుతుంటే లోపల గుసగుస వినబడింది. గోరి కుక్క చెవిలో ఏదో చెబుతోంది. ఏం చెబుతోందో తెలియలేదు కానీ మాట మాటే. ద్వాలి కట్టెల మోపు మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇవాళ కుక్కతో మాట్లాడిన పిల్ల రేపు తనతో మాట్లాడదా?

చలికాలంలో పక్క గూడెం పెద్ద బొజ్జయ్య వచ్చాడు. రాత్రిళ్ళు అడవిలో తిరిగేవాళ్ళు కబురు పెట్టారట, ఊళ్ళల్లో కుక్కలు ఉండకూడదని. వాళ్ళు నడుస్తుంటే మొరుగుతున్నాయి, పోలీసులకు జాడ తెలిసిపోతోంది. చంపితే మళ్ళీ పోలీసులు, కుక్కలేమైనయ్‌రా అని నిలదీస్తారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. బొజ్జయ్య తన వేటకుక్కకు తానే ఉరి బిగించి, ఆ పూట కూడు ముట్టలేదు. తండాలోనూ కుక్కలు ఒకటొకటే పోయాయి.

"చెల్లె, నీ ఇంట్ల దాన్ని గూడ..."

"దాన్ని తీస్తే నా పిల్ల దక్కదన్నా. దానితోనే మాట్లాడుతున్నది. ఇంకొన్ని దినాలైతే నాతోని గూడ మాట్లాడ్తది."

"కుక్కన్నంక మొరగకుంటదా?"

"మొరగది. మొరగకుంట నేను జూస్కుంట."

బొజ్జయ్య తువ్వాలు దులిపి లేచాడు. "సరే, పూచీ నేనుంట. మొరిగిందో, ముందుగాల నన్నడుగుతరు. తర్వాత నిన్ను."

ఇప్పపువ్వు కాలంలో ఆడవాళ్ళు చీకటితోనే అడవికి పోతారు. పోయేముందు చంటిపిల్ల నాలుక మీద ఇప్పసారా చుక్క వేస్తే, తిరిగొచ్చేదాకా ఉయ్యాల్లో కదలదు. ద్వాలిని వాళ్ళమ్మ అలాగే పెంచింది, ద్వాలి రూప్లిని అలాగే పెంచింది. ఆ విద్యే ఇప్పుడు కుక్క మీద పనికొచ్చింది. రోజూ పొద్దుగూకేసరికి కుక్క గంజిలో సారా చుక్కలు వేసేది. గోరి పక్కనే కూర్చుని చూసేది. గంజి తాగి కుక్క గోరి పక్కన ముడుచుకుంటే మళ్ళీ పొద్దెక్కాకే లేవడం. తండాకు తండా నిశ్శబ్దం. శభాష్ ద్వాలీ, అని తనే తన భుజం తట్టుకుంది పిచ్చిది.

ఎండలు ముదురుతుండగా ఒక సాయంత్రం, ఆ రాత్రికి అడవిలో తిరిగేవాళ్ళు ఈ దారినే పోతారని గుసగుసలు పుట్టాయి. కుక్క అప్పటికి ఏపుగా పెరిగింది, మామూలు చుక్కలకు లొంగేలా లేదు. గంజి తాగి కూడా చెవులు నిక్కించి కుయ్ కుయ్ అంటోంది. బొజ్జయ్య మొహం ద్వాలి కళ్ళ ముందు మెదిలింది. సారా సీసా తెచ్చి, కుక్క దవడలు పట్టి తెరిచి, మామూలు కంటే ఎక్కువే పోసింది. గుటక పడేదాకా వదల్లేదు. కుక్క తుమ్మి, తల విదిలించి, గోరి ఒడిలో పడుకుంది.

ఆ రాత్రి అటుగా ఎవరూ రాలేదు.

తెల్లారి ద్వాలి పొయ్యి ముట్టించి చూసేసరికి గోరి అలాగే కూర్చుని ఉంది. ఒళ్ళో కుక్క కొయ్యలా బిగుసుకుపోయి ఉంది. ద్వాలి దగ్గరికి పోయి దాని పొట్ట మీద చెయ్యి వేసి తీసేసింది. అయ్యో, అయ్యో, ఎంత పని చేశానురా దేవుడా, అని నెత్తి కొట్టుకుంది.

"అమ్మమ్మా" అంది గోరి.

ద్వాలి పిల్ల ముందు చతికిలబడింది. కుక్క చచ్చిన దుఃఖం, చంపిన పాపం అన్నీ మరిచి, సిగ్గు లేకుండా సంతోషపడింది. "ఏంది బిడ్డా? నా తల్లీ, ఏంది?" అంటూ పిల్ల మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"అమ్మకు గూడ నువ్వే తాపినవ్ గదా?"

అవును. ఆ రోజు వాగు పొంగి దవాఖానాకు తీసుకుపోయే జీపు రాలేదు. నొప్పులకు రూప్లి గుడ్లు తేలేస్తుంటే, కాస్త నిదురపోతుందని ద్వాలే తల ఎత్తి పట్టి సారా తాపింది. తండాలో ఏ తల్లైనా తాపుతుంది. రూప్లి నిద్రపోయింది, మళ్ళీ లేవలేదు. రక్తం పోయి చచ్చిందని అందరూ అన్నారు. ద్వాలి కూడా అదే నమ్మింది, ఈ తెల్లారే దాకా.

కాదు బిడ్డా, దానివల్ల కాదు, అని చెప్పబోయింది. కానీ కాదో అవునో ఆమెకే తెలియదు. గోరి ఆమె మొహంలోకే చూస్తూ జవాబు కోసం ఆగింది.