మాస్టారు అనలేని మాట

మంగళగిరిలో మాకు ఇంగ్లీషు చెప్పిన మాస్టారు ఎవరినీ నువ్వు అనేవారు కాదు. ఏడో తరగతి పిల్లలమైన మమ్మల్ని కూడా "మీరు బెంచీ ఎక్కండి" అనే కోప్పడేవారు.

ఒకరోజు 'యూ' గురించి చెప్పారు. "ఇంగ్లీషులోనూ ఒకప్పుడు నువ్వు ఉండేదండీ. దాన్ని 'దౌ' అనేవారు. యూ అంటే మీరు. అందుకే ఎదుట ఒక్కరే ఉన్నా 'యూ ఆర్' అంటాం. ఎవరికి కోపమొస్తుందోనని అందరినీ యూ అంటూ అంటూ, దౌని ప్రార్థనలకి వదిలేశారు."

"మరి ఇంట్లో మీ ఆవిడగారిని ఏమంటారండీ?" అని అడిగాను.

ఆయన సిగ్గుపడ్డారు. "మీరనేనండీ. నువ్వు అనడానికి నాకు నోరు రాదు."

నిరుడు విజయవాడలో, ఆసుపత్రిలో ఉన్న మా అత్తగారికి తోడుగా వెళ్తే, పక్క మంచం దగ్గర మాస్టారు కనిపించారు. మంచం మీద ఆయన భార్య. మూడు రోజులుగా స్పృహ లేదని నర్సు చెప్పింది. పలకరించబోయి ఆగిపోయాను. ఆయన ఆవిడ చెవి దగ్గరికి వంగి, ఒక్కో మాటా కూడదీసుకుంటూ, "నువ్వు లే. నిన్నే. ఇంటికెళ్దాం, లే" అంటున్నారు. తల ఎత్తి నన్ను చూసి గుర్తుపట్టారు.

ఆ సాయంత్రమే ఆవిడ పోయారు.

కర్మలయ్యాక చూడటానికి వెళ్ళాను. మాస్టారు మంచినీళ్ళిచ్చి, ఎదురుగా కూర్చున్నారు.

"ఆ రోజు మీరు అక్కడే ఉన్నారుగా. తను విందంటారా?"

"విన్నారండీ," అన్నాను.

ఆవిడ కనురెప్ప కూడా కదలలేదు. నేను చూస్తూనే ఉన్నాను.